వార్ధక్యమున పాదస్థైర్యము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ మహాసభయందు విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, దేవాలయ జీర్ణోద్ధరణమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వానికంటె చిన్నదిగ కన్పట్టవచ్చును. ముదుసలులు క్రిందపడకుండ నిలువగలుగుట యెట్లు? ఇంతియే మా విషయము. అయినను రేపటి సభలో వృద్ధాశ్రమ నిర్మాణమును గూర్చిన తీర్మానము రానున్నది గనుక, దానికి ముందు ఈ నాలుగు మాటలు మీ చెవిని వేయుట అవసరమని తలంచితిమి.

ఆశ్రమ నిర్మాణమునకై వ్రాయించిన పటమును మేము చూచితిమి. గదులు, భోజనశాల, భజనమందిరము, వసారా అన్నియు చక్కగనే యున్నవి. నేలకంతటికిని నిగనిగలాడు గ్రానైటురాయి పరుపవలెనని అందు వ్రాయబడినది. దాతల పేర్లు చెక్కించు ఫలకములకు గోడలపై చోటు చూపబడినది. చేయి ఆనించి నిలుచుటకు కమ్మి యొక్కటియు చూపబడలేదు. ఇది చిత్రకారుని దోషము కాదు. వృద్ధులకు సేవయనగా అన్నము, పడక, మందు, హరినామము అని మనమందరము తలంచుచుంటిమి. ఆ తలంపే పటముగ రూపొందినది.

అన్నమును తక్కువచేసి మాటాడుటకు ఈ సీమలో ఎవ్వరికిని నోరు రాదు. లంకల గన్నవరమున నిత్యాన్నదానము చేసి 1909 లో పరమపదించిన డొక్కా సీతమ్మగారి పుణ్యము వలన కోనసీమ పేరు సముద్రములు దాటిపోయినది. ఆమె పేర నేడు అక్విడక్టు గలదు, బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు 2024 లో ప్రభుత్వము ఆమె పేరే పెట్టినది. కాని ఆమె పెట్టిన పంక్తికి వచ్చి కూర్చుండినవారు తమ కాళ్ళతో నడచి వచ్చినవారు. భుజించి, లేచి, చేయి కడుగుకొని తమ త్రోవను తాము పోయినవారు. మన ఆశ్రమమున చేరువారి సంగతి వేరు. వారు వచ్చిన చోటనే ఉందురు. ఉన్నచోటనే కూర్చుండబెట్టి అన్నము పెట్టినచో వారి గతి యేమగునో మనము విచారింపవలెను.

ఇట్టి ఆశ్రమములు మనకేల వచ్చినవని కొందరు పెద్దలు నొచ్చుకొనుచున్నారు. 2011 జనాభాలెక్కలనాడు దేశమునందు 60 ఏండ్లు దాటినవారు పదికోట్లకు పైబడిరి. మన రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి బిడ్డలు గల్ఫు దేశములకును, హైదరాబాదునకును, అమెరికాకును పోయిరి. కొబ్బరితోట, పెంకుటిల్లు, ఇరువురు ముదుసలులు మిగిలిరి, కొన్నియిండ్ల ఒక్కరే. తల్లిదండ్రుల పోషణమునకై 2007 లో చేసిన శాసనమందు జిల్లాకొక వృద్ధాశ్రమమైనను, ఒక్కొక్కటి కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్లుగా, రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని వ్రాయబడినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన మన సీమయే ఒక జిల్లా యైనది. కావున ఆశ్రమములు వలదనుట యిక వాదముగ నిలువదు. అవి యెట్లుండవలెననునదియే ప్రశ్న.

ఇక విషయమునకు వత్తము. ముదుసలి పడుట చిన్న సంగతిగ లోకము చూచును. "కాలుజారినది" అని ఒక్కమాటతో తేల్చివేయుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కచొప్పున ఏటేట 6,84,000 మంది పడుట వలననే మరణించుచున్నారు; వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా మనవంటి బీద, మధ్యాదాయ దేశములవారు. వైద్యుని యొద్దకు పోవలసినంత దెబ్బ తగులు పతనములు ఏటికి 3 కోట్ల 73 లక్షలు. చచ్చినవారి లెక్క యిది. తుంటియెముక విరిగి, మంచము పట్టి, ఒకరి చేతిమీదుగ బ్రతుకువారి లెక్క వేరు. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలలోని సత్తువ త్వరగ తరుగును. అందుచే పురుషుడు పడి లేచిపోవు చోట స్త్రీ పడి విరుగును. మన యిండ్లలోని తల్లుల సంగతి మీకు చెప్పనక్కరలేదు.

మనుష్యుడు రెండుకాళ్ళపై నిలుచుట మహాద్భుతమగు పని. నిలుచున్నవాడు కదలక యున్నాడని మనకు తోచును గాని, వాడు అనుక్షణము ముందునకో వెనుకకో ఒరగుచునే యుండును, ఒరిగినంతయు సరిదిద్దుకొనుచునే యుండును. ఈ సరిదిద్దుటకు మూడు త్రోవల వర్తమానము మెదడునకు చేరును. కన్ను చూపు నొకటి. చెవి లోపలిభాగమున ద్రవము నిండిన మూడు అర్ధవృత్తాకారపు నాళములును, వాని చెంతనే మరిరెండు చిన్న అంగములును గలవు. తల యెటు తిరిగినదో, ఎటు వంగినదో అవి తెలుపును. మూడవది అరికాలి చర్మమునందును, కీళ్ళయందును, కండరములయందును ఉన్న నాడులు. కన్ను మూసికొన్నను మన మోకాలు వంగియున్నదో చాగియున్నదో మనకు తెలియుట దీని వలననే. ఈ మూడు వర్తమానములను చిన్నమెదడు మొదలగునవి కూర్చి కాళ్ళకు ఆజ్ఞ యిచ్చును. కొంచెము ఒరిగినచో చీలమండయే సర్దును. అంతకు మించినచో నడుము సర్దును. అదియు చాలనప్పుడు అడుగు ముందునకు పడి దేహమును ఆపును. ఆ అడుగు వేగముగ పడవలెను. ఆలస్యమైనచో నేలయే ఆపును.

వార్ధక్యమున ఈ మూడు త్రోవలును సన్నగిల్లును. కంటికి శుక్లము క్రమ్మును. లోచెవి మందగించును. మధుమేహమున్నవారికి అరికాలు తిమ్మిరియెక్కి నేల తెలియదు. మన సీమలో ఈ మూడవది ఎంతమందికున్నదో పంక్తిభోజనములయందు ఉత్త ఫలహారముతో లేచిపోవువారిని చూచిన తెలియును. వీనికి తోడు తొడకండరములు క్షీణించును. అందును వేగముగ ముడుచుకొను కండరపు పోగులు ముందుగ పోవును. ఒరిగినట్లు మెదడు గ్రహించినను, ఆజ్ఞ యిచ్చినను, దానిని నెరవేర్చు బంటు లేడు.

ఇంతవరకు ప్రకృతి. ఇకమీద మన సేవ. ఒకమారు తూలిన ముదుసలికి భయము పుట్టును. భయముచే అడుగు కుంచించును, లేచుట మానును. ఆశ్రమ పరిచారకులకును భయమే. పడినచో మాట వచ్చునని. "కూర్చోండి బామ్మగారూ, మేము తెచ్చిపెట్టెదము" అందురు. నీళ్ళు మంచము కడకు వచ్చును, పళ్ళెము మంచము కడకు వచ్చును. చూచువారు "ఎంత చక్కగ చూచుకొనుచున్నారు!" అని మెచ్చుకొందురు. ఆ మెప్పు నడుమ ఆమె కాళ్ళు దినదినమును ఎండిపోవుచుండును. ఒకనాటి రాత్రి మూత్రమునకై తనంత లేచును. ఆనాడు పడును. ఆమెను పడవేసినది నేలయా, మన ఆదరమా యని మేము ప్రశ్నించుచున్నాము.

పూర్వము కోనసీమ యంతయు వ్యాయామశాలయే యనవచ్చును. కాలువపై అడ్డముగ వేసిన కొబ్బరిదుంగ మీదుగ ఆవలకు దాటుట, చేనిగట్టున ఒంటికాలిబాటను కావిడి భుజమున బెట్టుకొని పోవుట, రేవుమెట్లు దిగి మునిగి తడిబట్టలతో ఎక్కుట, పీటపై కూర్చుండి చేయి ఆనకయే లేచుట, నడుము వంచి వాకిట ముగ్గు పెట్టుట, పంటు ఒడ్డు తగులునప్పుడు అదురునకు సర్దుకొని నిలుచుట, ఇవన్నియు ఎవ్వరును నేర్పని పాఠములు. కనుమనాడు జగ్గన్నతోటకు పోవు ప్రభలను జూచితిరి గదా! గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను కౌశికలో నడుములోతు నీళ్ళలో దించి ఒరగనీయక ఆవలిగట్టున కెక్కించు భుజములకంటె, బురదలో ఆనుకొన్న పాదములు గొప్పవి. అమలాపురపు వీథులలో దసరాకు చూపు చెడీ తాలింఖానా యందును అంతే. కత్తి త్రిప్పుట చూచువారికి వేడుక, త్రిప్పువానికి అడుగు కుదురుటయే ముఖ్యము.

ఇప్పుడు కాలువలపై సిమెంటు వంతెనలు, గుమ్మము ముందు మోటారుసైకిలు, ఇంట సోఫా, గోడకు కుళాయి. వీనిని నిందించుట మా యభిమతము కాదు. తడిదుంగపై నడిచి మునిగినవారును ఉండిరి. కాని ఆ జీవనము ఉచితముగ ఇచ్చుచుండిన అభ్యాసమును ఇప్పుడు మనము పనిగట్టుకొని కల్పించుకొనవలసియున్నది.

ఇచ్చట సంస్కృతజ్ఞులగు పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ తెత్తురు. మాతోను వాదించియున్నారు. అష్టాంగహృదయమున వాగ్భటాచార్యుడు వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణముగలవారు వ్యాయామమును వదలవలెనని స్పష్టముగ చెప్పెను గదా, ఆచార్యుడు వలదన్న దానిని ఆశ్రమమున పెట్టుట తగునా అని వారి ప్రశ్న. ప్రశ్న ఉచితమైనదే. గ్రంథమును తలక్రిందు చేసి "అట్లు చెప్పలేదు" అనుట మర్యాద కాదు. కాని ఆయన వ్యాయామమనుటలో ఏమి ఉద్దేశించెను? ఆ ప్రకరణముననే, బలవంతులును స్నిగ్ధమగు ఆహారము తినువారును శీతకాలమునను వసంతమునను సగము శక్తి మేరకు దానిని చేయవలెనని యున్నది. అనగా అది మల్లుని పాటి శ్రమ. నేయి త్రాగి సాధన చేయువాని ముచ్చట. దానిని డెబ్బదియేండ్ల వృద్ధునికి వలదనుట న్యాయమే.

సుశ్రుతాచార్యుడు ఇంకొకవైపు చూచెను. వ్యాయామము చేయువానిపై ముసలితనము ఒక్కపెట్టున వచ్చి యెక్కజాలదని ఆయన మాట. వయస్సు, బలము, దేహము, దేశము, కాలము, ఆహారము వీనిని పరికించి మరి చేయవలెననియు చెప్పెను. చరకసంహితలో వ్యాయామ లక్షణము చెప్పుచోట బలమునకు ముందుగ వచ్చు మాట స్థైర్యము. దేహమునకు స్థిరత్వము కలుగుటకై చేయు ఇష్టమైన చేష్ట, అదియు మాత్ర తప్పక చేయునది, వ్యాయామమని తాత్పర్యము. ఇట్లు చూచినచో నేడు మేము చెప్పబోవు అభ్యాసము చరకుని స్థైర్యమునకును, సుశ్రుతుని పరికింపునకును లోబడినదే. వాగ్భటుడు నిషేధించిన మల్లశ్రమ కాదు. శాస్త్రము తెలిసినవారు దీని నంగీకరింతురనియే మా నమ్మకము. అంగీకరింపనివారు కనీసము తమ తల్లిదండ్రులను కుర్చీనుండి చేయి ఆనక లేవుడని కోరి చూడవలెను.

శాస్త్రవాదము చాలును. ప్రత్యక్షప్రమాణమును చూతము. 1990 లో అమెరికాలోని బోస్టను నగరమున ఒక వృద్ధాశ్రమమందు 86 మొదలు 96 ఏండ్ల వరకు గల పదిమందిచేత తొడకండరముల బలమునకై ఎనిమిది వారములు బరువులెత్తించిరి. కడవరకు నిలిచిన తొమ్మండుగురకు కాలిబలము సగటున నూటికి 174 పాళ్ళు పెరిగినది. అనగా ఉన్నదానికి రెండింతలు దాటినది. మడమకు బొటనవ్రేలు తగులునట్లు ఒకే గీతపై నడచు వేగము నూటికి 48 పాళ్ళు హెచ్చినది. ఇరువురు చేతికర్రను వదలివేసిరి. తొంబదియేండ్ల కండరముగూడ పనిచెప్పినచో మాటవినునని లోకమునకు అప్పుడు తెలిసినది.

ఆ వైద్యురాలే 1994 లో అట్టి నూరుమందితో మరియొక ప్రయోగమును ప్రకటించెను. అందు కొందరికి వ్యాయామము, కొందరికి పుష్టినిచ్చు పానీయము, కొందరికి రెండును, కొందరికి ఏదియు లేదు. పదివారములకు వ్యాయామము చేసినవారి బలము నూటికి 113 పాళ్ళు పెరిగెను. చేయనివారి బలము 3 పాళ్ళు. వ్యాయామము లేని పుష్టిపానీయము బలహీనతను పోగొట్టలేదు. పోషకమహాశయులు ఈ ముక్కను మరియొకమారు మనస్సునకు తెచ్చుకొన ప్రార్థన. పాలు, నేయి, పండ్లు ఎంత ధారాళముగ ఇచ్చినను అవి కాళ్ళకు బలముగ మారుటకు కాళ్ళు పనిచేయవలెను.

బలము వేరు, నిలుకడ వేరు, రెండును కావలెను. న్యూజిలాండు దేశమున ఒటాగో విశ్వవిద్యాలయపు వైద్యులు 1990 ప్రాంతపు దశాబ్దమున ఈ రెండింటిని కలిపి ఇంటనే చేసికొను క్రమమునొకదానిని ఏర్పరచిరి. కాలిబలమునకును నిలుకడకును వారమునకు మూడుమార్లు, ఒక్కొక్కమారు అరగంట, నడక విడిగ. నాలుగు పరిశోధనలలో పాల్గొన్న 1016 మంది లెక్కలు చేర్చి 2002 లో చూడగా పతనములు నూటికి 35 పాళ్ళు తగ్గినట్లు తేలినది. వారిలో 97 ఏండ్లవారును ఉండిరి.

అది ఇండ్లలోనివారి సంగతి. ఆశ్రమవాసులకును ఇదియే వర్తించునా? దీనికి జవాబు అంత సుళువుగ రాలేదని నిజాయితీగ చెప్పవలెను. ఆశ్రమములలోని ప్రయోగములనన్నింటిని కూర్చి 2018 లో పరిశీలించిన పండితులు వ్యాయామము వలన పతనములు తగ్గునని నిశ్చయించి చెప్పజాలకపోయిరి. ఆశ్రమవాసి ఎక్కువ దుర్బలుడు, రోగములు హెచ్చు, మతిమరుపుగలవాడు. ఆ సంవత్సరముననే ఆస్ట్రేలియా దేశమునుండి మరియొక వార్త వెలువడినది. అచ్చటి 16 ఆశ్రమములలోని 221 మందిపై సన్‌బీమ్ అను క్రమమును పరీక్షించిరి. 25 వారములలో 50 గంటలు, అనగా వారమునకు రెండుగంటలు. ఒక్కొక్కని శక్తికి తగినట్లు కొలిచి, క్రమముగ హెచ్చించుచు బలమునకును నిలుకడకును అభ్యాసము. తరువాతి ఆరునెలలు దానిని నిలుపుకొను తేలికపాటి సాధన. సాధన చేసిన ఆశ్రమములలో పతనములు నూటికి 55 పాళ్ళు తక్కువయ్యెను.

ఒకచోట సంశయము, ఒకచోట ఇంత ఫలము ఏలయని ఆలోచింపగా మాకు తోచినదిది. కుర్చీలలో వరుసగ కూర్చుండబెట్టి, పాట పెట్టి, చేతులూపించి, ఫోటో తీయించి "వ్యాయామము జరిగినది" అని వ్రాసికొనుట ఒకటి. నిలువబెట్టి నిలుకడను పరీక్షించి పెంచుట ఇంకొకటి. నిలుచుట కూర్చుండి నేర్చుకొనునది కాదు. పిల్లవాడు అచ్చులు దాటకుండగనే ఏడాది గడపినచో వాడు బడికి వచ్చెననవచ్చును గాని చదివెననరాదు. తేలికయైన దానినే నిత్యము చేయించుట అట్టిది.

ఇక అభ్యాసక్రమము. ముందుగ వైద్యుడు చూడవలెను. పడకనుండి లేవగనే కన్నులు తిరుగువారికి రక్తపుపోటు మందో, నిద్రమాత్రయో సరిచూడవలసియుండును. గుండెనొప్పి, క్రొత్తగ విరిగిన ఎముక గలవారిని వైద్యుని యనుమతి లేనిదే దింపరాదు. కంటిశుక్లమును తీయించుటయు నిలుకడకు సాధనమే. తరువాత చిన్న పరీక్ష: కుర్చీనుండి లేచి, పదియడుగుల దూరము నడచి, తిరిగివచ్చి కూర్చుండుట. దీనికి 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో ఆ మనిషికి పడు ప్రమాదము గలదని తలంపవలెను. దీనికి కావలసిన సామగ్రి ఒక కుర్చీ, ఒక గడియారము.

అభ్యాసములలో రాజువంటిది కుర్చీనుండి లేచుట. మొదట రెండుచేతుల ఆనికతో, కొన్నాళ్ళకు ఒక్కచేతితో, పిమ్మట చేతులు రొమ్మున కట్టుకొని. గోడవెంటనున్న కమ్మిని పట్టుకొని మడమలెత్తుట, వ్రేళ్ళెత్తుట, కాలు ప్రక్కకు చాచుట, మోకాళ్ళు కొంచెము వంచి లేచుట బలమునకు పనికివచ్చును. చీలమండకు అరకిలో ఇసుకసంచి కట్టి కూర్చుండి మోకాలు చాచుట మంచిది. అది సులువైననాడు సంచి బరువు పెంచవలెను. నిలుకడకు తొలుత పాదములు రెండును జోడించి నిలుచుట. పిదప ఒక పాదము సగము ముందునకు. పిదప ఒకదాని ముందొకటి మడమ వ్రేలికి తగులునట్లు. ఈ తుది భంగిమలో పది సెకండ్లు నిలువలేనివారు జాగ్రత్తగ ఉండవలసినవారు. ఆపైన ఒంటికాలు, ఒకే గీతపై నడక, ప్రక్కనడక, వెనుకనడక, తిరుగుట. చిన్నతనమున తొక్కుడుబిళ్ళ ఆడిన తల్లులు దీనిని మగవారికంటె వేగముగ పట్టుకొందురని మా అనుమానము. కమ్మిపై మొదట అరచేయి, తరువాత రెండువ్రేళ్ళు, తరువాత ఏమియు లేకుండ. కాని కమ్మి ఎల్లప్పుడును చేతికందు దూరముననే యుండవలెను. ప్రతివారికిని ప్రక్కన ఒక మనిషి నిలువవలెను. కొంచెము తూలినట్లుండవలెను గాని పడరాదు. తూలనిచో నేర్చుకొనునది యేమియు లేదు.

వాడపల్లి వేంకటేశ్వరస్వామివారి సన్నిధిని ఏడు శనివారములు ఏడేసి ప్రదక్షిణములు చేయు భక్తులను చూచుచున్నాము. మ్రొక్కుకొన్న ముదుసలి వాన యని, ఎండ యని మానదు. ఆ నియమము మనకు కావలెను. అయితే ప్రదక్షిణము ఎప్పుడును ఒకేవైపు తిరుగును. ఆశ్రమమున రెండువైపులను తిరుగుట నేర్పవలెను. స్వామివారు తప్పుపట్టరని మా విశ్వాసము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 లో ఇచ్చిన నియమములలోను 65 ఏండ్లు దాటినవారు బలమునకును నిలుకడకును వారమునకు మూడుదినములు తక్కువగాక సాధన చేయవలెనని యున్నది. మానినచో సంపాదించిన బలము కొన్నివారములకే తరిగిపోవును. ప్రారంభోత్సవము నాడు మంత్రివర్యుల యెదుట ఒక్కదినము చేయించుటవలన కలుగు లాభము శూన్యము.

కావున దాతలకు మా విన్నపము. వసారాలో ఒకవైపు గోడవెంబడి నడుమెత్తున గుండ్రని కమ్మి వేయించుడు. మరుగుదొడ్డిలోను, స్నానపుగదిలోను, మంచము మొదలు అచ్చటివరకు గోడకును కమ్ములుండవలెను. మెరుగురాయికి బదులు గరుకుపలకలు పరపించుడు. ఈ సీమలో ఆషాఢము మొదలు కార్తికమువరకు తడి ఆరదు, పాకుడు పట్టని నూతిపళ్ళెము లేదు. గడపలు తీయించుడు; శుభకార్యమునకు పసుపుకుంకుమలు పెట్టుటకు ప్రధానద్వారపు గడపయొక్కటి చాలును, దానికిని ఇరుప్రక్కల పట్టుకమ్మి యుండవలెను. రాత్రి దీపము ఆరనీయరాదు. జారుడు రబ్బరుచెప్పులు మాని మడమకు పట్టీగల చెప్పు లియ్యవలెను. పంచె అంచును, చీర కుచ్చెళ్ళును చీలమండకు పైన నిలుచునట్లు కట్టుకొనుట నేర్పవలెను.

వీనికంటె ముఖ్యము మనిషి. వారమునకు మూడుదినములు వచ్చి ఒక్కొక్కరిని కొలిచి, లెక్క వ్రాసి, అభ్యాసమును పెంచు ఫిజియోథెరపిస్టు ఒకరు కావలెను. ఆశ్రమ పరిచారకులలో ఇరువురు ఆయనవద్ద నేర్చుకొని ప్రక్కన నిలువవలెను. ఈ పనికి ఫలకము లేదు. జీతమిచ్చినవాని పేరు గోడపై కన్పింపదు. అందుచేతనే దీనికి దాత దొరకుట కష్టమని మాకు తెలియును. గదికి పదిమంది ముందునకు వచ్చిన సభలో మనిషి జీతమునకు ఒక్కరైనను వచ్చిన యెడల మేము ధన్యులము. ఫలకము కావలెనన్నచో కమ్మిమీదనే చెక్కింపవచ్చును. దినమునకు ముప్పదిచేతులు దానిని తాకును.

ఖర్చుమాట యెత్తువారికి ఒక్క సమాధానము. తుంటియెముక విరిగినవారి శస్త్రచికిత్సకు, పిమ్మట మంచముకడ రేయింబవళ్ళు కాచు మనిషికి అగు వ్యయము మీలో అనేకులు స్వయముగ భరించినదే. ఆ లెక్క మీ యింటి పద్దుపుస్తకమున నున్నది. మేము చెప్పుట యేల?

ఒకరు, "పెద్దవయస్సున ఈ తిప్పలు వారికేల, ప్రశాంతముగ నుండనీయుడు" అని మాతో ననిరి. ప్రశాంతత యని వారు భావించునది ఆ ముదుసలులు కోరినదగునా? మేము కొందరను అడిగితిమి. వారు కోరినవి చాల చిన్నవి: తానై మరుగునకు పోవుట, కోవెలమెట్టు తానై యెక్కుట, మనుమడు వచ్చిననాడు లేచి ఎదురేగుట. ఇవి యేవియు మంచముకడకు తెచ్చిపెట్టదగినవి కావు.

రేపటి తీర్మానమున మూడు సవరణలు సూచించుచున్నాము: నేలరాయి మార్పు, కమ్ముల ఏర్పాటు, శిక్షకుని జీతమునకు ప్రత్యేక నిధి. ఆశ్రమము ప్రారంభమైననాడే ప్రతివాసికిని పదియడుగుల నడకపరీక్ష చేసి పుస్తకమున వ్రాయవలెను. ఆరునెలలకు మరల చేయవలెను. పడినవారి సంఖ్యను నెలనెలకు వ్రాయవలెను. వచ్చు వార్షికసభలో ఆ పుస్తకమును సభ్యుల యెదుట చదువవలెనని కోరుచున్నాము.